ఒక్క శుక్రకణం, వేల రేణువులు: సీ అర్చిన్ అండంలో ఎంజైమ్‌ల పని

(చెన్నైలో తెలుగు విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాఠ్యపుస్తకాల్లో ఫలదీకరణకు ఒక వాక్యం ఉంటుంది. శుక్రకణం అండంతో కలుస్తుంది, సంయుక్త బీజం ఏర్పడుతుంది. పదో తరగతి నుంచి వైద్య కళాశాల దాకా మనందరం ఈ వాక్యాన్నే రాసి మార్కులు తెచ్చుకున్నాం. తప్పేమీ లేదు. కానీ అండానికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించదు. శుక్రకణం కలవడం ఎంత ముఖ్యమో, ఒకటి కలిశాక మిగిలినవన్నీ ఆగిపోవడం అంత ముఖ్యం. ఆ ఆపడం ఎవరి పని, ఎలా జరుగుతుంది అన్నదే ఈ సాయంత్రం మన విషయం.

సీ అర్చిన్‌ను చాలామంది చూసే ఉంటారు. గుండ్రటి పెంకు, దాని నిండా ముళ్లు. విశాఖపట్నం వైపు రాళ్ల తీరంలో నల్లటి స్టొమోప్న్యూస్టిస్ జాతి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి దక్షిణంగా వెళితే మన్నార్ సింధుశాఖలో సాల్మాసిస్ జాతులు ఉన్నాయి. చేపలతో పాటు వలలో చిక్కితే మన జాలర్లు వాటిని విదిలించి పారవేస్తారు. జపాన్‌లో మాత్రం వాటి బీజకోశాలను ఖరీదైన వంటకంగా తింటారు. జీవశాస్త్రవేత్తలకు వాటి విలువ ఇంకోటి. ఆడది నీళ్లలోకి లక్షల కొద్దీ అండాలు వదులుతుంది, మగది కోట్ల కొద్దీ శుక్రకణాలు వదులుతుంది. కలయిక తల్లి శరీరం బయట, ఉప్పునీళ్లలో జరుగుతుంది. అండం వెడల్పు దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. చాలా జాతుల్లో అది తేటగా, వెలుతురు చొరబడేటట్లు ఉంటుంది. 1875లో జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్ మధ్యధరా సముద్రపు సీ అర్చిన్ అండంలోనే రెండు కేంద్రకాలు దగ్గరై ఒకటి కావడం గమనించాడు. తండ్రి నుంచి బిడ్డకు అందేది ఏమిటన్న ప్రశ్నకు కంటితో చూసిన సాక్ష్యం అలా ఈ ముళ్ల జీవి నుంచే వచ్చింది.

ఇప్పుడు చిక్కు సంగతి. రెండు శుక్రకణాలు ఒకే అండంలోకి వెళితే ఏమవుతుంది? తండ్రి అంశ రెట్టింపు వచ్చింది కదా, మంచిదే కదా అని చిన్నపిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. థియోడర్ బొవేరి అనే జర్మన్ జీవశాస్త్రవేత్త దీనికి 1902లో జవాబు చెప్పాడు. ఆయన వాడిన జాతిలో అండానికి 18 క్రోమోజోములు, శుక్రకణానికి 18. ఇద్దరు తండ్రులైతే మొత్తం 54. అది ఒక్కటే అయితే ఏదోలా నెట్టుకురావచ్చునేమో. కానీ ప్రతి శుక్రకణం తనతో పాటు కణవిభజనను నడిపే సెంట్రోసోమ్‌ను కూడా తెస్తుంది. విభజన సమయంలో అది రెండు ధ్రువాలుగా చీలుతుంది. ఒక శుక్రకణమైతే రెండు ధ్రువాలు, కణం రెండుగా చీలుతుంది. రెండు శుక్రకణాలైతే నాలుగు ధ్రువాలు, కణం ఒక్కసారిగా నాలుగు ముక్కలవుతుంది. రెట్టింపైన క్రోమోజోములు ఆ నాలుగింటికి ఎవరికి ఏది దొరికితే అది అన్నట్టు పోతాయి. ఒక కణానికి ఒక క్రోమోజోము మూడుసార్లు దొరుకుతుంది, ఇంకో కణానికి అసలు దొరకదు. అలాంటి పిండాలు దాదాపుగా బతకవు. ఒక్కో క్రోమోజోముకు విడివిడి పని ఉందని బొవేరి గ్రహించింది ఇక్కడే. కాబట్టి అండానికి ‘ఒక్కటే’ అన్న లెక్క తప్పడం అంటే చావే.

ఈ లెక్కను కాపాడేవాటిలో ఎక్కువ భాగం ఎంజైమ్‌లు. ఒక మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను. ఎంజైమ్ అనగానే మనం ‘రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీన్’ అని నిర్వచనం చెప్పి ఊరుకుంటాం. ఫలదీకరణలో వేగం సంగతి తరువాత. ముందు చూడవలసింది, ఆ ఎంజైమ్ ఏ క్షణం దాకా నిద్రపోయింది, ఏ చోట మేల్కొంది అన్నది. మనం చూడబోయే ఎంజైమ్‌లలో చాలావరకు అండాన్ని, శుక్రకణాన్ని నాశనం చేయగలిగినవే. ఒక నిమిషం ముందు పనిచేస్తే ఫలదీకరణే జరగదు. ఒక నిమిషం ఆలస్యమైతే బిడ్డ బతకదు.

శుక్రకణంతో మొదలుపెడదాం. మగ సీ అర్చిన్ శరీరంలో ఉన్నంత కాలం శుక్రకణాలు కదలవు. బీజకోశంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, దానివల్ల శుక్రకణం లోపల ఆమ్లత్వం ఎక్కువ. తోకను ఆడించే మోటారు ప్రోటీన్ డైనీన్ కూడా ఒక ఎంజైమే. అది కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అనే అణువును విడగొట్టి, ఆ శక్తితో తోకలోని నాళికలను ఒకదాని మీద ఒకటి జరుపుతుంది. ఆమ్లత్వం ఎక్కువగా ఉన్నచోట డైనీన్ పనిచేయదు. శుక్రకణం సముద్రంలో పడగానే సోడియం లోపలికి వస్తుంది, హైడ్రోజన్ అయాన్లు బయటికి పోతాయి, లోపలి పీహెచ్ పెరుగుతుంది, అంటే ఆమ్లత్వం తగ్గుతుంది, డైనీన్ మేల్కొంటుంది, తోక కొట్టుకోవడం మొదలవుతుంది. శ్వాసక్రియ కూడా ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ ఈ ఊళ్లో, ఈ సభలో ఒక పేరు తలచుకోకుండా ముందుకు పోలేను. శుక్రకణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒక్కటే ఒకటి, తల కింద, మెడ దగ్గర ఉంటుంది. తోక చూస్తే దానికి ఎన్నో రెట్లు పొడవు. మెడ దగ్గర తయారైన ఏటీపీ తోక చివరిదాకా వెళ్లాలి, కానీ దారి పొడవునా డైనీన్‌లు దాన్ని ఖర్చు చేస్తూనే ఉంటాయి. మరి చివరి భాగానికి అందేది ఎలా? ఫాస్ఫోక్రియాటిన్ అనే అణువు ద్వారా. మైటోకాండ్రియా దగ్గర క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఏటీపీలోని ఫాస్ఫేటును క్రియాటిన్‌కు అప్పగిస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్ తోకలోకి వ్యాపిస్తుంది. అక్కడ మరో క్రియాటిన్ కైనేజ్ ఆ ఫాస్ఫేటుతో తిరిగి ఏటీపీని తయారుచేస్తుంది. 1985లో టూంబ్స్, షపీరో అనే పరిశోధకులు దీన్ని సీ అర్చిన్ శుక్రకణాల్లోనే నిరూపించారు. ఆ ఎంజైమ్‌ను ఆపేస్తే ఏమవుతుందో తెలుసా? మెడ దగ్గర తోక ఆడుతూనే ఉంటుంది, చివరికి పోయేకొద్దీ అల సన్నగిల్లి ఆగిపోతుంది. శుక్రకణం ముందుకు సాగలేదు.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కండరాల్లో మొదటిసారి కనిపెట్టి 1927లో ప్రకటించినవారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, ఆయనతో పాటు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో ఏటీపీని కూడా వారే వెలికితీశారు. సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టి, ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో, ప్రెసిడెన్సీ కళాశాలలో, మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. ఈ సభకు వచ్చినవారిలో కొందరు రోజూ ఆ భవనాల ముందు నుంచే బస్సులో వెళుతుంటారు. సముద్రజీవి శుక్రకణం తోక చివర ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి పనికొచ్చిన అణువుకు, ఈ వీధుల్లో నడిచిన తెలుగువాడికి ఉన్న ఈ సంబంధం మన పిల్లలకు చెప్పాలి. ఎవరూ చెప్పడం లేదన్నదే నా బాధ.

సరే, శుక్రకణం అండం దగ్గరికి చేరింది. అండం చుట్టూ జెల్లీ పొర ఉంటుంది. దానిలోని చిన్న పెప్టైడ్‌లు నీళ్లలోకి వ్యాపించి శుక్రకణాలను పిలుస్తాయి. అర్బేసియా అనే జాతిలో రెసాక్ట్ అనే పెప్టైడ్ ఆ పని చేస్తుంది. శుక్రకణం తోక మీద దాన్ని పట్టుకునే ప్రోటీన్ ఒక ఎంజైమే, గ్వానిలేట్ సైక్లేజ్. జెల్లీలోని సల్ఫేటు కలిసిన చక్కెర గొలుసులు తగలగానే శుక్రకణం తల కొసన ఉన్న సంచి తెరుచుకుంటుంది. దీన్నే అక్రోసోమ్ చర్య అంటారు. 1952లో జపాన్‌లో పనిచేస్తున్న జీన్ క్లార్క్ డాన్ దీన్ని బయటపెట్టింది. ఆ సంచిలోని ప్రొటియేజ్‌లు, అంటే ప్రోటీన్‌లను కోసే ఎంజైమ్‌లు, జెల్లీలో దారి చేస్తాయి. తరువాత బైండిన్ అనే ప్రోటీన్ అండాన్ని అంటుకుంటుంది. బైండిన్ ఎంజైమ్ కాదు కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పను. కానీ ఒక జాతి శుక్రకణం ఇంకో జాతి అండానికి అంటకుండా చూసేది ముఖ్యంగా అదేనని గుర్తుంచుకోండి.

శుక్రకణం అండం పొరతో కలిసిన క్షణం నుంచి అసలు కథ. మొదటి రెండు మూడు సెకన్లలో ఎంజైమ్‌లతో పని లేదు, అంతా విద్యుత్తు. అండం లోపల దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉన్నది సోడియం లోపలికి రావడంతో ప్లస్ వైపుకు మారుతుంది. అలా ఉన్నంతసేపు రెండో శుక్రకణం పొరతో కలవలేదు. 1976లో లారిండా జాఫీ దీన్ని నిరూపించింది. అయితే ఈ ఏర్పాటు సుమారు ఒక నిమిషమే నిలుస్తుంది. ఆ నిమిషం లోపల అండం శాశ్వతమైన ఏర్పాటు చేసుకోవాలి.

అండం లోపల, పొరకు ఆనుకుని, దాదాపు 15 వేల చిన్న సంచులు బారులు తీరి ఉంటాయి. వీటిని కార్టికల్ రేణువులు అంటారు. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతు. శుక్రకణం తగిలినచోట ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైమ్ ఉత్తేజితమై, పొరలోని ఒక కొవ్వును కోసి, ఐపీ3 అనే చిన్న అణువును విడుదల చేస్తుంది. అది అండంలో దాచి ఉన్న కాల్షియంను బయటికి వదిలిస్తుంది. ఆ కాల్షియం పక్కనున్న నిల్వలను కూడా తెరిపిస్తుంది. అలా ఒక అల ప్రవేశస్థానం నుంచి బయలుదేరి అర నిమిషం లోపల అండం ఆ చివరికి చేరుతుంది. అల పోయిన దారిలోని రేణువులన్నీ వరుసగా పొరతో కలిసి, లోపలి సరుకును బయటికి కుమ్మరిస్తాయి. దీని వెంట అండం మీది పలుచటి తెర పైకి లేస్తుంది, ఆ లేవడం శుక్రకణం ప్రవేశించినచోట మొదలై చుట్టూ పాకుతుందని ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ 1919లోనే వివరంగా రాశాడు. నల్లజాతివాడు కావడం వల్ల తన దేశమైన అమెరికాలో తగిన పరిశోధనా స్థానం ఆయనకు దక్కలేదు. కానీ అండాన్ని అంత శ్రద్ధగా చూసినవారు ఆ తరంలో అరుదు.

ఇప్పుడు మన ఎంజైమ్‌లు రంగంలోకి వచ్చాయి. రేణువుల్లో ఉన్నవాటిలో ముఖ్యమైనది ఒక సెరీన్ ప్రొటియేజ్. మన జీర్ణరసంలోని ట్రిప్సిన్ కుటుంబానికి చెందినది. రేణువు లోపల ఆమ్లత్వం ఎక్కువ, పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ. అక్కడ ఈ ఎంజైమ్ పనిచేయదు. సముద్రపు నీటి పీహెచ్ దాదాపు 8. రేణువు తెరుచుకుని ఆ నీళ్లు తగలగానే ఎంజైమ్ తనను తానే కోసుకుని చురుకైన రూపం దాలుస్తుంది. అండం మీద విటెల్లిన్ పొర అనే పలుచటి తెర ఉంటుంది, అండానికి ప్రోటీన్ బంధాలతో కట్టేసి ఉంటుంది. ఎంజైమ్ ఆ బంధాలను తెంచుతుంది. మిగిలిన శుక్రకణాలు పట్టుకుని ఉన్న గ్రాహకాలను కూడా కోసేస్తుంది, అవి ఊడిపోతాయి. అదే సమయంలో రేణువుల నుంచి వచ్చిన చక్కెర గొలుసులు నీటిని లాగుతాయి. దాంతో తెర పెనం మీది పుల్కా ఉబ్బినట్టు ఒకవైపు నుంచి లేస్తూ అండం చుట్టూ ఎడంగా నిలుస్తుంది. అలా లేచినదాన్నే ఫలదీకరణ పొర అంటారు. సూక్ష్మదర్శినిలో దీన్ని ఒక్కసారి చూసినవారు జీవితాంతం మరచిపోరు. అప్పటిదాకా బోసిగా ఉన్న అండం చుట్టూ ఒక నిమిషం లోపల మెరిసే వలయం వచ్చేస్తుంది.

ఈ ప్రొటియేజ్ పని ఎలా తెలిసింది? సోయా చిక్కుడు ద్వారా. సోయా గింజల్లో ట్రిప్సిన్‌ను ఆపే ప్రోటీన్ ఉంది, పచ్చి సోయా తింటే అరగకపోవడానికి ఒక కారణం అదే. మోసెస్ కూనిట్జ్ 1940లలో దాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. ఆ ప్రోటీన్ కలిపిన సముద్రపు నీటిలో అండాలకు ఫలదీకరణ జరిపితే పొర సరిగా లేవదు. శుక్రకణాలు పట్టు వదలవు. ఒక్కటి పోవలసిన అండంలోకి ఎన్నో పోతాయి. 1970లలో విక్టర్ వాకియే, మియా టెగ్నర్, డేవిడ్ ఎపెల్ ఈ దారిలో నడిచి, అండమే ఒక ప్రొటియేజ్‌ను బయటికి వదులుతుందని, శుక్రకణాలను ఊడదీసేది అదేనని చూపించారు.

దీనికి ఎదురు ప్రయోగం కూడా ఉంది, నాకు అది ఇంకా ఇష్టం. అండంలో తయారైన ఎంజైమ్ విడుదలయ్యేదాకా ఆగకుండా, ముందే మనం బయటి నుంచి ట్రిప్సిన్ కలిపి, ఆ తరువాత శుక్రకణాలను వదిలామనుకోండి. అండం పైభాగంలోని ప్రోటీన్‌లు ముందే తెగిపోతాయి. శుక్రకణాలకు పట్టు దొరకదు, ఫలదీకరణ తగ్గిపోతుంది. 1955లో టైలర్, మెట్జ్ అనే ఇద్దరు దీని మీద పనిచేశారు. ఒకే రకం కోత. శుక్రకణం రాకముందు కోస్తే సంతానమే లేదు. శుక్రకణం వచ్చాక కోయకపోతే ఒకే అండంలోకి ఎన్నో శుక్రకణాలు, దాని వెంట చావు. విద్యార్థులు ‘ఎంజైమ్ ఫలదీకరణకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా’ అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ‘ఎప్పుడు’ అని చేర్చకపోతే జవాబు లేదు.

లేచిన పొర మెత్తగా ఉంటుంది, అలల తాకిడికి చిరిగిపోతుంది. దాన్ని గట్టిపరచాలి. ఈ భాగం చరిత్ర నాకు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైనది, కొంచెం ఓపిక పట్టండి.

1908లో ఓటో వార్‌బర్గ్ అనే యువకుడు నేపుల్స్ సముద్ర పరిశోధనాలయంలో సీ అర్చిన్ అండాలు పీల్చే ఆక్సిజన్‌ను కొలిచాడు. ఫలదీకరణ తరువాత అది దాదాపు ఆరు రెట్లు పెరిగింది. ఆ తరువాత కణశ్వాసక్రియ మీద పరిశోధనకు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అండం విభజనకు సిద్ధమవుతోంది, శక్తి ఎక్కువ కావాలి, అందుకే ఎక్కువ పీలుస్తోంది అనుకోవడం సహజమే. చాలాకాలం అలాగే అనుకున్నారు. కానీ మొదటి నిమిషాల్లో పీల్చిన ఆక్సిజన్‌లో పెద్ద భాగం శక్తి కోసం కాదు. ఈ సంగతి తెలియడానికి 70 ఏళ్లు పట్టింది.

1977లో ఫోర్డర్, షపీరో అనే పరిశోధకులు ఫలదీకరణ పొరను గట్టిపరిచేది ఒక పెరాక్సిడేజ్ అని, ఓవోపెరాక్సిడేజ్ అని చూపించారు. పొరలోని ప్రోటీన్‌లలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఈ ఎంజైమ్ పక్కపక్కనే ఉన్న రెండు టైరోసిన్‌లను జతకట్టి డైటైరోసిన్ చేస్తుంది. అలాంటి బంధాలు వేల కొద్దీ ఏర్పడితే పొర మొత్తం ఒకే వల అవుతుంది, కరగదు, చిరగదు. అయితే పెరాక్సిడేజ్‌కు హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? మరుసటి ఏడు వాళ్లే, సేమూర్ క్లెబనాఫ్‌తో కలిసి, దాన్ని అండమే తయారుచేస్తుందని తేల్చారు. వార్‌బర్గ్ కొలిచిన ఆక్సిజన్ పోయింది అందులోకే. క్లెబనాఫ్ ఈ బృందంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. మన తెల్ల రక్తకణాలు బాక్టీరియాను చంపడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎలా వాడుకుంటాయో పరిశోధించినవాడు ఆయన. సూక్ష్మజీవిని చంపే రక్తకణం, తన బిడ్డను కాపాడుకునే అండం ఒకే రసాయనాన్ని ఒకే తీరున తయారుచేస్తున్నాయని ఆయన మనసుకు తట్టింది. ఆ పెరాక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్ ఒక డ్యుయల్ ఆక్సిడేజ్ అని 2004లో గ్యారీ వెసెల్ బృందం గుర్తించింది. అది మన థైరాయిడ్ గ్రంథిలోని ఎంజైమ్‌కు దగ్గరి చుట్టం.

హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే పుండు కడగడానికి వాడే మందు. అది శుక్రకణాలకు హాని చేస్తుంది, అండానికీ హాని చేయగలదు. మరి అండం తన విషం తన మీదే పడకుండా ఎలా బతుకుతోంది? ముందుచూపుతో. అండం నిండా ఓవోథయోల్ అనే చిన్న అణువు దండిగా ఉంటుంది. లోపలికి చొరబడిన పెరాక్సైడ్‌ను అది వెంటనే నిర్వీర్యం చేస్తుంది. దాన్ని కూడా షపీరో బృందమే 1980లలో కనిపెట్టింది. పెరాక్సైడ్ తయారు కావాలన్నా, ఓవోథయోల్ తిరిగి సిద్ధం కావాలన్నా ఎన్ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. ఫలదీకరణ జరిగిన మొదటి నిమిషాల్లోనే ఎన్ఏడీ కైనేజ్ అనే మరో ఎంజైమ్ మేల్కొని దానికి ముడిసరుకు అందిస్తుంది. ఎపెల్ దీన్ని 1960లలోనే గమనించాడు. అప్పట్లో అది ఒక విడి వాస్తవం. దాని అవసరం ఏమిటో పెరాక్సైడ్ సంగతి బయటపడ్డాకే స్పష్టమైంది.

ఓవోపెరాక్సిడేజ్‌ను ఆపడానికి అమైనోట్రయజోల్ అనే రసాయనం వాడతారు. అది కలుపుమందుగా కూడా వాడిన పదార్థమే. దాన్ని కలిపిన నీళ్లలో పొర లేస్తుంది కానీ గట్టిపడదు, సన్నటి వస్త్రపు జల్లెడలో పోస్తే ఊడిపోతుంది. పొర లేని పిండాలు కావలసినప్పుడు ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి.

ఇంత గట్టిగా కట్టిన పొర నుంచి పిండం బయటికి ఎలా వస్తుంది? మళ్లీ ఎంజైమే. కొన్ని గంటల తరువాత, పిండం బోలు బంతిలా ఉండే బ్లాస్టులా దశలో, దాని కణాలు హాచింగ్ ఎంజైమ్ అనే ప్రొటియేజ్‌ను స్రవిస్తాయి. అది పొరను కరిగిస్తుంది. ఇది లోహం ఆధారంగా పనిచేసే ప్రొటియేజ్‌ల కుటుంబంలోది. మన కీళ్లలో, గాయాలు మానేచోట్ల పనిచేసే ఎంజైమ్‌లు కూడా ఆ కుటుంబానివే. అండం సిద్ధంగా దాచుకున్న ఎంజైమ్‌లు వేరు, ఇది వేరు. పిండం తన సొంత జన్యువులను చదివి తయారుచేసుకునే తొలి ప్రోటీన్‌లలో ఇది ఒకటి.

ఇక్కడున్న వైద్య విద్యార్థుల కోసం ఒక్క మాట. మానవ అండంలో విద్యుత్తుతో ఆపే తొలి ఏర్పాటు సీ అర్చిన్‌లో ఉన్నట్టు లేదు. కానీ కార్టికల్ రేణువులు ఉన్నాయి, వాటిలో ప్రొటియేజ్ ఉంది. ఓవాస్టాసిన్ దాని పేరు. అండం చుట్టూ ఉన్న జోనా పొరలోని జెడ్‌పీ2 అనే ప్రోటీన్‌ను అది కోస్తుంది, ఆ తరువాత కొత్త శుక్రకణాలు అంటుకోలేవు. కాల్షియంను లేపే ఫాస్ఫోలైపేజ్ మనలో శుక్రకణంతో పాటే వస్తుంది, ఫాస్ఫోలైపేజ్ సీ జీటా అంటారు. కొందరు పురుషుల్లో అది లోపించడం వల్ల శుక్రకణాన్ని సూదితో అండంలోకి నేరుగా ఎక్కించినా అండం మేల్కొనదు. అలాంటి దంపతులకు కొన్ని కేంద్రాల్లో కాల్షియంను పొరలు దాటించే అయానోఫోర్ అనే రసాయనం వాడి అండాన్ని మేల్కొలుపుతున్నారు. అయానోఫోర్‌తో అండాన్ని శుక్రకణం లేకుండానే మేల్కొలపవచ్చని 1974లో స్టీన్‌హార్ట్, ఎపెల్ చూపించింది సీ అర్చిన్ అండాల మీదే. పిల్లలు లేక బాధపడే ఇంట్లోకి వెళ్లిన వైద్యానికి మూలం, జాలరి విదిలించి పారేసే ఈ జీవిలో ఉంది. మూలపరిశోధనకు డబ్బెందుకు అని అడిగేవారికి నేను ఇదే చూపిస్తాను.

ఇక మీ ప్రశ్నలు.

(సభలో ఒక ఉపాధ్యాయిని: “సార్, మా కళాశాలలో మామూలు సూక్ష్మదర్శినులే ఉన్నాయి. ఇది పిల్లలకు చూపించగలమా అండీ?”)

చూపించగలరమ్మా, మామూలు సూక్ష్మదర్శిని చాలు. జీవులను అనుమతితో, సముద్ర పరిశోధన సంస్థల ద్వారా తెప్పించుకోండి. నోటి చుట్టూ ఉన్న మెత్తటి చర్మం గుండా పొటాషియం క్లోరైడ్ ద్రావణం కొద్దిగా ఎక్కిస్తే కాసేపట్లో అండాలో, శుక్రకణాలో బయటికి వస్తాయి. తెల్లటి చిక్కటి ద్రవం వస్తే మగది, పసుపో నారింజో రంగు గింజల్లాంటివి వస్తే ఆడది. శుక్రకణాలను నీళ్లు కలపకుండా మంచు మీద ఉంచండి. నీళ్లు కలిపితే అవి ఈదడం మొదలుపెట్టి త్వరగా శక్తి కోల్పోతాయి, ఎందుకో ఇందాక చెప్పాను. గాజు సామాను మీద సబ్బు జాడ ఉండకూడదు. కుళాయి నీళ్లు ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి. మన చెన్నై ఎండలో గిన్నెలను బల్ల మీద వదిలేయకుండా చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచండి.

మూడు గిన్నెలు పెట్టండి. మొదటిదాంట్లో వట్టి సముద్రపు నీరు. రెండోదాంట్లో సోయా ట్రిప్సిన్ నిరోధకం. మూడోదాంట్లో అమైనోట్రయజోల్, దాన్ని చేతి తొడుగులతో మీరే కలపండి, పిల్లలతో కలిపించవద్దు. మూడింటిలోనూ ఒకేసారి, ఒకే కొలత శుక్రకణాలు వేయండి. మొదటి గిన్నెలో పొర లేవడం ఒక నిమిషంలో చూస్తారు. మూడోదాంట్లో కూడా లేస్తుంది, కానీ పదిహేను ఇరవై నిమిషాలాగి పిప్పెట్‌తో అటూఇటూ పీలిస్తే తేడా తెలుస్తుంది. రెండో గిన్నె కోసం ఓపిక కావాలి. శుక్రకణాలు చిక్కగా ఉంటే, గంట గంటన్నర తరువాత అందులోని చాలా అండాలు రెండుగా చీలడానికి బదులు మూడుగా, నాలుగుగా, వంకరటింకరగా చీలడం కనిపిస్తుంది. ఎన్ని అలా చీలాయో, ఎన్ని సరిగా చీలాయో పిల్లల చేతే లెక్కపెట్టించండి. బొవేరి కూడా అండాల విభజనను ఇలాగే లెక్కపెట్టాడు.